జేసన్ వెళ్ళిపోయాడు, ఊరు కట్టింది వచ్చినవాళ్ళు

గ్రీసులో వోలోస్ అనే రేవు పట్టణం గురించి ఏ టూరిస్టు పుస్తకం తెరిచినా మొదటి పేరాలోనే జేసన్ వచ్చి కూర్చుంటాడు. బంగారు ఉన్ని తేవడానికి వీరులందర్నీ ఆర్గో అనే ఓడ ఎక్కించుకుని ఇక్కడి ఇయోల్కోస్ అనే పాత ఊరి నుంచే నల్ల సముద్రం అవతలి కొసకి బయలుదేరాడని పురాణం. సముద్రపు ఒడ్డున సాయంత్రాలు ఊరంతా నడిచే వీధి పేరు ఆర్గోనాట్ల వీధి. దాని వెనక జేసన్ వీధి. రేవులో ఆర్గో నమూనా ఓడ కూడా ఉంది. పాతకాలపు పద్ధతిలో చెక్కతో కట్టి, 2008లో యాభై మంది తెడ్లు వేస్తూ దాన్ని వెనిస్ దాకా తీసుకెళ్ళారు.

పురాణం అంటే నాకు ఇష్టమే. కానీ ఈ ఊరికి ముఖచిత్రంగా జేసన్ని పెట్టడం దగ్గరే నా అభ్యంతరం. అతను ఊరు విడిచి వెళ్ళినవాడు. వోలోస్‌ని వోలోస్‌గా చేసినవాళ్ళేమో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. కొందరు కొండ దిగి వచ్చారు, కొందరు రైలు పట్టాలు వేయడానికి వచ్చారు, ఇంకొందరు ఇల్లూ వాకిలీ తగలబడిపోతే పిల్లల్ని చంకనేసుకుని పడవల్లో వచ్చారు. వాళ్ళ కథ అంతా ఈ రెండు వందల ఏళ్ళ లోపుదే, కాగితాల మీద ఉన్నదే, చాలావరకు ఇంకా మనుషుల నోళ్ళలో ఉన్నదే. అలాంటిది దాన్ని రెండో పేజీకి నెట్టేసి, ఎప్పుడు జరిగిందో ఎవరూ చెప్పలేని ఒక ప్రయాణాన్ని ముందు పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పని మీద కొంతకాలం నేను ఆ ఊళ్ళో ఉన్నాను. ఏథెన్స్‌కి ఉత్తరాన 330 కిలోమీటర్లు. ముందు పాగసిటికోస్ అఖాతం, వెనక పీలియన్ కొండ. మునిసిపాలిటీ మొత్తం జనాభా లక్షా నలభై వేల దరిదాపు. చాలామంది విదేశీయులకి ఇది స్కియాతోస్ దీవికి ఓడెక్కే చోటు, అంతే. బస్సు దిగుతారు, కాఫీ తాగుతారు, ఓడెక్కుతారు.

వచ్చినవాళ్ళ ఊరు అన్నాను కదా. అది కొత్త సంగతి కూడా కాదు. ఇప్పటి ఊరికి ఎదురుగా అఖాతం అవతలి గట్టున డిమిట్రియాస్ శిథిలాలున్నాయి. అలెగ్జాండర్ సేనానుల తర్వాతి తరంవాడు, డిమిట్రియస్ అనే మాసిడోనియా రాజు, క్రీ.పూ. 293 ప్రాంతంలో చుట్టుపక్కల చిన్న ఊళ్ళ జనాన్నంతా ఒకచోటికి చేర్చి దాన్ని కట్టించాడు. అలా కలిపేసిన ఊళ్ళలో ఇయోల్కోస్ కూడా ఒకటి. రేవు కావడంతో వ్యాపారులు వచ్చారు, కిరాయి సైనికులు వచ్చారు. తూర్పు మధ్యధరా తీరపు ఫినీషియన్లు వచ్చి స్థిరపడ్డారు. ఇదంతా ఎలా తెలుసంటే, వాళ్ళ సమాధి రాళ్ళు దొరికాయి కాబట్టి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో యుద్ధం ముంచుకొస్తోందని ఊరివాళ్ళు కోట బురుజుల్ని హడావుడిగా పెంచుతూ, చేతికందిన సమాధి రాళ్ళన్నీ పీకి గోడల్లో కూరేశారు. ఆ తొందరపాటే వాటిని కాపాడింది. ఎండా వానా తగలకుండా రెండు వేల ఏళ్ళు లోపలే ఉండడం వల్ల వాటి మీద రంగులు మిగిలాయి. గ్రీకు చిత్రకళ అంటే మనకి కుండల మీది బొమ్మలే మిగిలాయనుకుంటాం. ఇక్కడ రాతి మీద కుంచెతో వేసినవి ఉన్నాయి.

1909లో కట్టిన అథనసాకియో మ్యూజియంలో వాటిని చూడొచ్చు. అందులో హెదిస్తే అనే ఆవిడ సమాధి రాయి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. కాన్పులో చనిపోయిన మనిషి. మంచం మీద వాల్చి ఉంది, ఒంట్లో ప్రాణం లేదని మెడ వాలిన తీరులోనే తెలుస్తుంది. మంచం కాళ్ళ వైపు భర్త కూర్చుని ఆవిడ వంకే చూస్తున్నాడు. వెనక ఒక ముసలావిడ చేతుల్లో పసిగుడ్డు. గది లోపల గది, దాని వెనక తలుపు, తలుపు దగ్గర ఇంకెవరో. బొమ్మ కింద పద్యం: విధి ఆమెకు బాధతోనే దారం వడికిందని. వీరుడూ లేడు, దేవుడూ లేడు. ఒక ఇంట్లో ఒక రోజు జరిగినది, అంతే. ఈ ఊరు దేన్ని గుర్తుగా పెట్టుకోవాలని ఎవరైనా నన్నడిగితే ఆర్గో ఓడ పక్కకి జరిపి ఈ రాయి పెడతాను.

ఇప్పటి ఊరి సంగతికి వద్దాం. ఒట్టోమాన్ల కాలంలో ఇక్కడున్నది ఒక చిన్న కోట. 1840ల్లో పీలియన్ కొండ మీది ఊళ్ళ వ్యాపారులు దిగివచ్చి కోట గోడ బయట గోదాములు, ఇళ్ళు కట్టుకున్నారు. 1881లో థెస్సలీ ప్రాంతం గ్రీసులో కలిసేనాటికి జనాభా ఐదు వేలు కూడా లేదు. 1920 నాటికి ముప్పై వేలు. నలభై ఏళ్ళలో ఆరు రెట్లు పెరిగిన ఊరంటే అందులో స్థానికులు ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

ఆ పెరుగుదలకి మూలం రైలు. 1884లో వోలోస్ నుంచి థెస్సలీ మైదానంలోని లారిసా పట్టణానికి మీటర్ గేజ్ లైను పడింది. థెస్సలీ మైదానంలో పండిన గోధుమ, పొగాకు నేరుగా ఓడ దగ్గరికి వచ్చేశాయి. ఆ పట్టాలు వేయించిన ఇంజనీర్లలో ఎవరిస్తో దె కిరికో అనే ఇటాలియన్ ఒకడు. ఆయన కొడుకు జార్జియో 1888లో ఇక్కడే పుట్టి తర్వాత ఆధునిక చిత్రకారుల్లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. నిర్మానుష్యమైన చౌకులు, పొడుగాటి నీడలు, దూరంగా గోడ వెనక పొగ వదులుతూ పోయే రైలు. ఆ బొమ్మల్లోని రైలు ఎక్కడిదో వోలోస్ స్టేషన్ చూశాక నాకు సందేహం లేకుండా పోయింది. పీలియన్ కొండ మీదికి ఎక్కే చిన్న రైలు కూడా తండ్రి పనే. పట్టాల మధ్య ఎడం కేవలం 60 సెంటీమీటర్లు. 1903లో మీలియెస్ అనే ఊరి దాకా వేశారు. ఊరికి కాస్త ముందు ఒక ఇనుప వంతెన వస్తుంది. వంతెన తిన్నగా ఉంటుంది, దాని మీది పట్టాలు మాత్రం వంపు తిరుగుతాయి. కిటికీలోంచి కిందికి చూస్తే లోయ తప్ప ఏమీ కనిపించదు.

1960లో లారిసా లైనుని అంతర్జాతీయ కొలతకి మార్చాక వోలోస్ స్టేషన్ దగ్గర ఒకే దారిలో మూడు రకాల పట్టాలు పక్కపక్కన చేరాయి: 60 సెంటీమీటర్లది, మీటరుది, 1,435 మిల్లీమీటర్లది. మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కి మారడం కళ్ళారా చూసిన తెలుగువాళ్ళకి ఆ పట్టాలు చూస్తే వదలబుద్ధి కాదు. మూడు కాలాలు ఒకేచోట ఇనుములో పరిచి ఉన్నట్టుంటుంది.

రైలు, రేవు, పొగాకు ఉన్నచోటికి కార్మికులు వస్తారు. మత్సాంగోస్ సిగరెట్ ఫ్యాక్టరీ 1890 ప్రాంతంలో మొదలై దేశంలోనే పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటయింది. 1908లో ఇక్కడి కార్మికులు పెట్టుకున్న కార్మిక కేంద్రం గ్రీసులో అలాంటి వాటిలో మొట్టమొదటిది. అదే ఏడాది అదే ఊళ్ళో ఇంకొకటి జరిగింది. సరాత్సిస్ అనే డాక్టరు పట్టుబట్టడంతో మునిసిపాలిటీ ఆడపిల్లలకి ఒక ఉన్నత పాఠశాల తెరిచింది. దాన్ని నడపడానికి అలెగ్జాండ్రోస్ డెల్మూజోస్ అనే కుర్ర పంతులు వచ్చాడు. ఆయన చేసిన నేరమల్లా పిల్లలకి ఇంట్లో మాట్లాడే గ్రీకులో పాఠాలు చెప్పడం. అప్పట్లో బడి పుస్తకాల భాష వేరు, అమ్మ మాట్లాడే భాష వేరు. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి చెట్టూ చేమా చూపించాడు, అర్థం చేసుకోకుండా బట్టీ పట్టొద్దన్నాడు. బిషప్ కన్నెర్ర చేశాడు. నాస్తికత్వం నూరిపోస్తున్నాడన్నారు, కార్మికుల్ని రెచ్చగొడుతున్నాడన్నారు, నోటితో చెప్పలేని నిందలు కూడా వేశారు. 1911లో బడి మూతపడింది. 1914లో నాఫ్ప్లియో కోర్టులో పంతులూ డాక్టరూ కొందరు కార్మిక నాయకులూ బోనెక్కారు. చివరికి నిర్దోషులని తేలింది గానీ బడి మళ్ళీ తెరుచుకోలేదు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పండితులతో తలపడుతున్నారు. వీళ్ళకి వాళ్ళ సంగతి, వాళ్ళకి వీళ్ళ సంగతి తెలిసి ఉండే అవకాశమే లేదు. అయినా ఆ కోర్టు కథ చదువుతుంటే పరాయి కథలా అనిపించలేదు. తేడా ఏమిటంటే మన పంతులుగారిని విమర్శించారు, వెక్కిరించారు. డెల్మూజోస్‌ని ముద్దాయిని చేశారు.

ఈ బడి కథకి దక్కాల్సినంత చోటు ఊళ్ళో ఎక్కడా దక్కలేదని నా బాధ. బంగారు ఉన్ని తెచ్చినవాడికి రెండు వీధులు!

1922లో ఆసియా మైనర్‌లో, అంటే ఇప్పటి టర్కీ గడ్డ మీద జరిగిన యుద్ధంలో గ్రీసు ఓడిపోయింది. అక్కడి స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) రేవు నగరం తగలబడింది. తరతరాలుగా ఆ గడ్డ మీదే ఉన్న పన్నెండు లక్షల మందికి పైగా ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకి చేరారు. గ్రీసు నుంచి దాదాపు నాలుగు లక్షల మంది ముస్లింలు టర్కీకి వెళ్ళాల్సి వచ్చింది. వోలోస్ రేవుకి వేల మంది వచ్చారు. పొగాకు గోదాముల్లో, బళ్ళలో, చర్చిల్లో, గుడారాల్లో తలదాచుకున్నారు. తర్వాత క్రాఫ్సిడోనాస్ వాగు అవతల వాళ్ళకోసం ఒక పేట వేశారు. పేరు నేయా యోనియా, అంటే కొత్త అయోనియా. అయోనియా అంటే స్మిర్నా ఉన్న ఆ తీరం పాత పేరు. నేనున్నది ఆ పేటలోనే.

వాగుకి అటూ ఇటూ మనసులు కలవడానికి చాలా కాలం పట్టింది. ఊరివాళ్ళు వీళ్ళని తురకలకి పుట్టినవాళ్ళని తిట్టేవారు. కూలి తక్కువకే పనికొస్తున్నారని కార్మికులకీ కోపమే. నేయా యోనియా దశాబ్దాల పాటు విడి మునిసిపాలిటీగానే ఉండి 2011లోనే వోలోస్‌లో కలిసింది. మా ఇంటి ఓనరు డెబ్భై దాటిన పెద్దావిడ. నేను అద్దె ఇవ్వడానికి వెళ్తే ఊరికే పంపేది కాదు, ఏదో ఒకటి తినిపించేది. ఆవిడ ఇప్పటికీ వాగు దాటి వెళ్ళాలంటే "వోలోస్‌కి వెళ్ళొస్తాను" అంటుంది. నడిస్తే పది నిమిషాల దూరం! వంటింట్లో దాల్చినచెక్క, జీలకర్ర డబ్బాలు చూసి నేను ఆశ్చర్యపోతే, ఇవి మా అమ్మమ్మతో సముద్రం దాటి వచ్చిన అలవాట్లు, ఇక్కడివాళ్ళకి తెలీదు అంది. "ఇక్కడివాళ్ళు" అన్నప్పుడు ఆవిడ చెయ్యి వాగు వైపు చూపించింది. ఆవిడ పుట్టింది ఇక్కడే.

ఈ రోజు గ్రీసు మొత్తం వోలోస్ అనగానే నోరూరించుకునేది కూడా ఆ పేట నుంచి, రేవు కూలీల నుంచి, జాలర్ల నుంచి వచ్చిందే: త్సీపురో. ద్రాక్షరసం పిండేశాక మిగిలిన పిప్పిని పులియబెట్టి బట్టీలో కాచిన సారా. తెల్లారకముందే వేటకెళ్ళి వచ్చినవాళ్ళకి మధ్యాహ్నానికే పని అయిపోతుంది. వల దులిపి, అమ్ముడుపోని చిన్న చేపలు వేయించుకుని నాలుగు చుక్కలు వేసుకునేవారు. అదే అంగళ్ళుగా మారింది. ఆ అంగడిని త్సిపురాదికో అంటారు.

ఇందులో పద్ధతి ఒకటుంది, అది నాకు మహా ఇష్టం. తినడానికి మీరు ఆర్డర్ ఇవ్వరు. కూర్చోగానే వెయిటర్ ఒక్కటే అడుగుతాడు, సోంపు ఉన్నదా, లేనిదా అని. మనిషికొక చిన్న సీసా పెడతాడు. దాంతోపాటు చిన్న పళ్ళెంలో మెజె, మనవాళ్ళ భాషలో మంచింగ్. ఏం వస్తుందనేది వంటవాడి ఇష్టం, ఆ రోజు చేపల ఇష్టం. సీసా ఖాళీ అయ్యి రెండోది చెబితే ఇంకో రకం వస్తుంది. మొదట నెత్తళ్ళు, తర్వాత త్సిత్సీరవ్లా అని పీలియన్ కొండ మీద దొరికే అడవి పిస్తా జాతి చెట్టు లేత చిగుళ్ళ ఊరగాయ, తర్వాత నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్ కాలు, ఆల్చిప్పలు, రొయ్యలు. తాగే కొద్దీ పళ్ళెం ఘనంగా మారుతుంది. మెజెకి విడిగా డబ్బులుండవు, లెక్క సీసాలకే. ఎంత తిన్నారో కాదు, ఎన్ని సీసాలు ఖాళీ అయ్యాయో చూసి బిల్లు వేస్తారు. ఇదంతా మధ్యాహ్నం ఒంటి గంటకి మొదలవుతుంది. బ్యాంకు ఉద్యోగి, ప్రొఫెసరు, మేస్త్రీ పక్కపక్క బల్లల దగ్గర ఉంటారు. ఎవరి ముందూ మెనూ కార్డు లేకపోవడంతో ఎవరి తాహతు ఎంతో బల్లని చూసి చెప్పలేం. ఎప్పుడో రేవు కూలీలు పెట్టుకున్న మర్యాద అది. పురాణంలో వీరులు ఏం తిన్నారో నాకు తెలీదు గానీ, ఈ పళ్ళేల వెనక ఉన్నవాళ్ళు ఎవరో ఊరికి తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఊరు మొదట ఇటలీ చేతిలో ఉండేది. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక వోలోస్ జర్మన్ల చేతికి వచ్చింది. ఊళ్ళో అప్పటికి వెయ్యికి కాస్త తక్కువగా యూదులున్నారు. యూదులందరి పేర్ల జాబితా ఇమ్మని జర్మన్ అధికారి వాళ్ళ మతగురువు రబ్బీ మోషే పెసాహ్‌ని ఆదేశించాడు. ఆయన కొంచెం గడువు అడిగి తిన్నగా ఆర్థడాక్స్ బిషప్ ఇయోఆకీమ్ దగ్గరికి వెళ్ళాడు. ఇది జాబితాతో ఆగదని, వెంటనే అందరూ ఊరు వదిలి పొమ్మని బిషప్ చెప్పాడు. కొండ మీది ఊళ్ళకి ఉత్తరం రాసిచ్చాడు. జర్మన్లని ఎదిరిస్తున్న ఈఏఎం ప్రతిఘటన ఉద్యమంవాళ్ళు దారి చూపించారు. కొద్ది రోజుల్లో యూదుల్లో ఎక్కువమంది పీలియన్ ఊళ్ళలో ఇళ్ళల్లో, దొడ్లలో కలిసిపోయారు. 1944 మార్చిలో నూరు మందికి పైగా పట్టుబడ్డారు, వాళ్ళని ఆష్విట్జ్ మరణశిబిరానికి పంపారు. తక్కినవాళ్ళు బతికారు. ఉత్తరాన థెస్సలోనికి నగరంలో యాభై వేల యూదుల్లో దాదాపు అందర్నీ చంపేశారని గుర్తుంచుకుంటే వోలోస్‌లో జరిగిందేమిటో అర్థమవుతుంది. బిషప్‌ని యూదుల మారణహోమాన్ని గుర్తుంచుకోవడానికి ఇజ్రాయెల్‌లో పెట్టిన యాద్ వాషెమ్ సంస్థ గౌరవించింది. ఆ కొండ ఊళ్ళవాళ్ళు ఎవరో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వడం అలవాటైన ఊరు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం. అంతకు ఇరవై ఏళ్ళ ముందు శరణార్థులతో గొడవపడిన ఊరే ఇది. అయినా ఆ ఇరవై ఏళ్ళలో ఏదో నేర్చుకుంది.

వోలోస్ అందంగా ఉండదని చాలామంది అంటారు. నిజమే, వరసగా కాంక్రీటు అపార్టుమెంట్లే కనిపిస్తాయి. 1955 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపాలు పాత ఊరిని నేలమట్టం చేశాయి. 1957లో వెలెస్తీనో దగ్గర మరొకటి వచ్చింది. మిగిలిన పాత ఇళ్ళు చాలావరకు ఆ తర్వాత పడగొట్టారు. చలికాలం గుడారాల్లో గడిపిన జనం ముందు అందం చూసుకోలేదు, గట్టిదనం చూసుకున్నారు. అందుకని వాళ్ళని తప్పుపట్టలేను.

ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే పోయాయి. మత్సాంగోస్ 1972లో మూతపడింది. అలాంటి పాత భవనాల్లో కొన్నిటిని ఇప్పుడు 1984లో ఏర్పడిన థెస్సలీ విశ్వవిద్యాలయం వాడుకుంటోంది. త్సలపాతాస్ ఇటుకల బట్టీ 2006 నుంచి మ్యూజియం. పెద్ద గుండ్రటి కొలిమి లోపలికి వెళ్ళి ఇటుకలు ఎలా కాల్చేవారో చూడొచ్చు. 2010 తర్వాత ఆర్థిక సంక్షోభంలో జీతాలు కోతపడి, కుర్రాళ్ళు జర్మనీ బాట పట్టినప్పుడు, ఊళ్ళో కొందరు టెమ్ అని సొంత మారకం మొదలుపెట్టారు. యూరోలు లేనివాడు గిటారు పాఠం చెప్పి కూరగాయలు, జామ్ సీసాలు తీసుకెళ్ళగలిగేవాడు. దాంతో సంక్షోభం తీరిపోలేదు. ఎవరో వచ్చి ఆదుకుంటారని కూర్చోలేదు, అంతే.

ఇప్పుడు ఊరిని నిజంగా కంగారు పెడుతున్నది నీళ్ళు. 2023 సెప్టెంబరు మొదట్లో డేనియల్ తుఫాను వచ్చింది. పీలియన్ మీది జగోరాలో ఒక్క రోజులో 754 మిల్లీమీటర్ల వాన. మన హైదరాబాదులో ఏడాదంతా పడేదానికి కాస్త తక్కువ. క్రాఫ్సిడోనాస్ పొంగి వంతెన కూలింది. తాగునీరు లేక జనం వారాల తరబడి సీసాలు మోసుకున్నారు. లారిసా రైలు మార్గం తెగిపోయింది. ఆ నెలాఖరులోనే మరో తుఫాను వచ్చి ఊరు మళ్ళీ మునిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో రేవు నీళ్ళ మీద వెండి దుప్పటి పరిచినట్టు చచ్చిన చేపలు తేలాయి. నూరు టన్నులకి పైగా ఎత్తిపోశారు. కంపు భరించలేక ఒడ్డున హోటళ్ళు ఖాళీ అయ్యాయి.

ఆ చేపలు సముద్రానివి కావు. కొండకి అవతల కార్లా అనే చెరువుండేది. పత్తి, గోధుమ పొలాల కోసం, మలేరియా పోతుందని, 1962లో సొరంగం తవ్వి దాన్ని ఎండగట్టారు. చెరువు మీద బతికే జాలర్లు ఉపాధి పోయి చెల్లాచెదురయ్యారు. భూగర్భజలం అడుగంటాక తప్పు తెలిసి, ఈ శతాబ్దంలో కొంత భాగం మళ్ళీ నింపారు. డేనియల్ వానకి అది పాత హద్దుల దాకా పొంగి పొలాలన్నీ కలిపేసుకుంది. నీళ్ళు తగ్గే క్రమంలో మంచినీటి చేపలు కొట్టుకొచ్చి ఉప్పునీళ్ళలో పడి చచ్చాయి. దీన్ని వార్తల్లో ప్రకృతి వైపరీత్యం అన్నారు. నేను ఒప్పుకోను. అరవై ఏళ్ళ కింద ఒక ఆఫీసులో తీసుకున్న నిర్ణయం అది, దాని బిల్లు ఇప్పుడు వచ్చింది. కట్టేది మాత్రం ఒడ్డున చిన్న అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు, పొలం మునిగిన రైతులు.

పురాణంతో టూరిస్టులు వస్తారు, పొగాకు గోదాముల కథతో ఎవరొస్తారు అని అక్కడి మిత్రుడొకాయన నాతో వాదించాడు. ఆయన మాటలో నిజం ఉంది. కానీ జేసన్ కోసం వచ్చినవాళ్ళు ఓడ దగ్గర ఫొటో తీసుకుని వెళ్ళిపోతున్నారు, వాళ్ళు ఇక్కడ ఒక పూట భోజనం కూడా చెయ్యడం లేదు. పైగా ఊరు తన కథగా దేన్ని చెప్పుకుంటుందో దాన్నే కాపాడుకుంటుంది. శరణార్థుల కోసం కట్టిన చిన్న ఇళ్ళు నేయా యోనియాలో ఒక్కొక్కటే పడగొడుతుంటే అడిగేవాళ్ళు తక్కువ. కార్లా జాలర్ల కథ ఊరి కథలో భాగంగా అందరికీ తెలిసి ఉంటే, ఆ చెరువు మీద తీసుకునే తర్వాతి నిర్ణయానికి నలుగురూ నిలదీసేవాళ్ళు.

స్కియాతోస్ వెళ్తూ మీకు ఓడకి ఒక అరపూట టైముందనుకోండి. పొద్దున్నే మ్యూజియానికి వెళ్ళి హెదిస్తేని చూడండి. అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడే పడమటికి నడిస్తే ఊరి అవతలి చివర స్టేషన్ వస్తుంది, పట్టాల దగ్గర కాసేపు ఆగండి. తర్వాత వాగు దాటి నేయా యోనియాలోకి వెళ్ళండి. మిగిలిన చిన్న ఇళ్ళు సందుల్లోనే ఉంటాయి, పెద్ద రోడ్డు మీద కనపడవు. ఒంటి గంటకల్లా ఏదో ఒక త్సిపురాదికోలో బల్ల పట్టుకోండి, రెండు దాటితే దొరకదు. సోంపు లేనిదే చెప్పండి, చేప రుచి తెలుస్తుంది.